తొమ్మిదో రాత్రి చదివిన మాట

హలో… ఆ, నేనే, ఎతెల్వీనానే. ఉండు, కొబ్బరి కోరుతున్నా, చెయ్యి తుడుచుకోనీ… ఆ, చెప్పు లియోనీసా.

…

అన్నం తిన్నావా?… నిన్నా లేదు, ఇవాళా లేదు. నీ గొంతు చూడు, బావిలోంచి మాట్లాడుతున్నట్టుంది.

వద్దామనే చూశా కొమాద్రె, నీ బిడ్డకి జ్ఞానతల్లినై రాకుండా ఉంటానా. ఆటుకి ఏట్లో నీళ్ళు తగ్గిపోయాయి. పడవ బురదలో కూర్చుంది, మా ఆయనలాగే. పోటెక్కేదాకా రెండూ కదలవు.

…

నవ్వావా?… లేదా. సరే.

బల్ల ఇంకా తియ్యలేదా? తెల్లగుడ్డ, కొవ్వొత్తులు, నీ కొడుకు దైరో ఫొటో— అన్నీ అలాగే ఉన్నాయా? తొమ్మిది రాత్రుల ప్రార్థన మొన్నటితో అయిపోయింది కదే. బల్ల తీసి గుమ్మం వదిలితేనేగా బిడ్డ ఆత్మ బయల్దేరేది.

…

అవును, నువ్వే గుమ్మానికి అడ్డం పడుకున్నావు. అందరం చూశాం.

…

ఏమన్నావు?… వాడు ఇంట్లోనే ఉంటే నరకానికి పోడనా? నరకమని ఎవరన్నారే? ఏ పాపిష్టి నోరు—

…

నేనా.

…

…చదివాను, ఆఖరి రాత్రి, బైబిల్లోంచి. పిల్లలు పాపం చేశారు గనకే దేవుడు వాళ్ళని ఆ పాపం పాలు చేశాడని. ఆ మాటే… నువ్వు విన్లేదనుకున్నా.

పెట్టెయ్యకు. విను. ఆ కథలో పిల్లలందర్నీ పోగొట్టుకుని ఒకాయన బూడిదలో కూర్చున్నాడు, చెప్పానుగా? ఓదార్చడానికి స్నేహితులు వచ్చారు. ఆ మాట వాళ్ళలో ఒకడిది. దేవుడిది కాదు. మైనం కారి పేజీలు అతుక్కుపోయాయి, తెరుచుకున్న చోట చదివేశా. ఎవరు ఎవరితో అంటున్నారో చూళ్ళేదు.

ఆఖర్న దేవుడే వాళ్ళని కోప్పడ్డాడు, తప్పు మాట్లాడారని. ఇంటికొచ్చాక చూశా… చూసి కూడా నీకు చెప్పలేదు. సిగ్గేసింది. ముప్పై ఏళ్ళుగా ఈ ఏటికి అటూ ఇటూ ఏ ఇంట్లో చావైనా చదివేది నేనేగా.

దైరో ఏం పాపం చేశాడే? వల లాగుతూ మునిగిపోయాడు. వాడి జ్ఞానతల్లిని, నాకు తెలీదా? నా దగ్గర కొబ్బరి మిఠాయి దొంగిలించడం తప్ప ఏం తెలుసు వాడికి!

…

ఏంటది?… నీ వెనక?

…

వాడి మంచం కిర్రుమంటోందా… ఆ. నాకూ వినపడుతోంది.

భయపడకు. వాడు నీకోసం ఆగాడు, అంతే. నా మాట వాణ్ణి కూడా కట్టేసింది.

లే. గుడ్డ తియ్యి. కొవ్వొత్తులు ఒక్కొక్కటే ఆర్పు… ఆ, ఫొటో చివర్న. ఇప్పుడు గుమ్మంలోంచి పక్కకి జరుగు.

…

లేదు, ఏమీ చదవను. ఆ స్నేహితులు చేసిన మంచి పని ఒక్కటే కొమాద్రె— నోరు తెరవకముందు ఏడు రోజులు ఆయన పక్కన నేలమీద ఊరికే కూర్చున్నారు. నేనూ కూర్చుంటున్నా. ఇదిగో, మా వంటింటి నేలమీద. ఫోన్ చెవికే ఉంది.

…

…

…

విన్నాను. మెట్లు దిగాడు.

…

ఒక్క మాటైనా అనలేదా?… వెనక్కి కూడా చూడలేదా?

…

ఏడువు. నేనేం అనను.

…

…