కొన్నాళ్లు కిటికీలో, కొన్నాళ్లు అలమారలో

ఏం చదువుతున్నావే అంత గట్టిగా? ప్రొటిస్టానా? ఏదీ, ఆ బొమ్మ ఇటు చూపించు. ఆఁ, ఇదే, పచ్చగా, ముందు దారంలాంటి తోకా అదీనూ. యూగ్లీనా. దీని మూలంగా మా అక్క పెళ్లే ఆగిపోబోయింది, తెలుసా నీకు? నవ్వకు, నిజమే చెబుతున్నా. అక్క కాలేజీలో మొక్కల పాఠం చెప్పేది. మా బావ, అంటే అప్పటికింకా బావ కాలేదనుకో, ఎదురు గదిలో జంతువుల పాఠం. ఆ రోజుల్లో మా వాళ్ల లెక్క ఒకటే, అయితే మొక్క, కాకపోతే జంతువు. మధ్య వరండాలో చెరువు నీళ్ల సీసా ఉండేది. ఒక్క చుక్క మైక్రోస్కోపు కింద పెడితే, అబ్బో, ఊరంతా అందులోనే. ఒకటి పాకుతుంది, ఒకటి ఒళ్లంతా వెంట్రుకలతో పరిగెడుతుంది, ఇంకొకటి గాజు డబ్బాలో దర్జాగా కూర్చుంటుంది. అన్నీ ఒంటికణం వాళ్లే. వాటినన్నిటినీ సామరస్యంగానే పంచుకున్నారు, ఈ యూగ్లీనా దగ్గరే వచ్చింది పేచీ. "పచ్చగా ఉంది, ఎండలో తన తిండి తనే వండుకుంటోంది, నాది" అనేది అక్క. ఆయనేమో గొంతు సవరించుకుని, "టీచరుగారూ, మీ మొక్కలు ఎప్పుడన్నా ఈదాయా అండీ?" పాపం పిల్లలు, పరీక్షలో ఏం రాయాలో తెలియక తలలు పట్టుకునేవాళ్లు.

ఎక్కడున్నాం? ఆఁ, పెళ్లి. ఇంత కీచులాటలోనూ ఒకరంటే ఒకరికి ప్రాణం. ఆయన వచ్చి అడిగితే నాన్న సరేనన్నాడు, అక్కే మొండికేసింది. "ముందు అది మొక్కేనని ఒప్పుకోమను నాన్నా. ఇప్పుడే వినని మనిషి రేపు నా మాటేం వింటాడు?" ఆయన మాత్రం తక్కువ తిన్నాడా, నమ్మనిది ఎలా ఒప్పుకుంటానని భీష్మించుకున్నాడు. కంటికి కనపడని దానికోసం బంగారంలాంటి సంబంధం చెడగొట్టుకుంటావటే అని అమ్మ నెత్తి కొట్టుకుంది. అక్క పైకి బింకంగా ఉండేదిగానీ, తిండి సయించేది కాదు. నాకు భయమేసింది, పంతానికి పోయి నిజంగానే వదులుకుంటుందేమోనని.

ఆయనేం చేశాడంటే, ఆ సీసాలో ఉడికించిన గోధుమలు కొన్ని వేసి అలమారలో దాచాడు. కొన్నాళ్లకి యూగ్లీనాలు పచ్చదనమంతా పోయి పాలిపోయాయి. అయినా చచ్చాయా, ఆ నీళ్లలో ఊరిన సారం పీల్చుకుంటూ హాయిగా ఈదుతున్నాయి. సీసా పట్టుకుని సరాసరి మా ఇంటికే వచ్చేశాడు, "చూడండి, జంతువే" అంటూ. అక్క దాన్ని తీసుకెళ్లి వంటింటి కిటికీలో పెట్టింది. కొన్నాళ్లు ఎండ తగిలేసరికి, ఆయన మళ్లీ వచ్చిన రోజుకి పచ్చబడ్డాయి. ఇద్దరూ కిటికీ దగ్గర నిలబడి సీసాని వెలుగుకి ఎత్తి చూశారు. చివరికి ఆయనే, "చీకట్లో ఉన్నన్నాళ్లు నాది, వెలుగులో ఉన్నన్నాళ్లు మీది, సరేనా?" అన్నాడు. అక్క నవ్వేసింది. సీసా కూడా అక్కతోపాటే కాపురానికి వెళ్లింది, కొన్నాళ్లు కిటికీలో, కొన్నాళ్లు అలమారలో.

తర్వాతెప్పుడో వాళ్ల కాలేజీకి కొత్త పుస్తకం వచ్చింది, ఇది మొక్కా కాదు, జంతువూ కాదు, వేరే రాజ్యమని. అదే నీ ప్రొటిస్టా. "ఏమోయ్, అది మనిద్దరిదీ కాదట, పెళ్లి రద్దు చేసుకుందామా?" అని బావ ఒకటే నవ్వు. ఏమంటున్నావ్? ఇప్పుడు దాన్నీ విడగొట్టేశారా? వాటిలో చాలావాటికి దగ్గర చుట్టరికమే లేదా? బావుంది సంబడం. ఎక్కడా ఇమడని వాటినన్నిటినీ ఒక గదిలోకి తోసేస్తే చుట్టాలైపోతాయా మరి.

బావ పోయాక ఒకసారి అక్క దగ్గరికి వెళ్లాను. కిటికీ ఖాళీగా ఉంది. సీసా ఏదే అంటే అలమార చూపించింది. "ఇంకెవరితోనే నీకు పేచీ, పాపం వెలుగులో పెట్టరాదూ" అన్నాను. "ఇది మీ బావ వంతు. మధ్యలో తీస్తే ఊరుకోరు" అంది. నవ్వుతూనే అందిలే. అక్క బతికున్నన్నాళ్లూ ఆయన వంతు ఒక్కసారి కూడా ఎగ్గొట్టలేదు.

పొయ్యి మీద పాలు చూడవే, పొంగుతున్నట్టున్నాయి.