మేక తిన్న రెక్క

బేస్తవారిపేట అవతల బీడులో, బట్టల దుకాణం నడిపే ఒకాయన తాను ఎగరేసిన బొమ్మ విమానాన్ని వెతుక్కుంటూ వచ్చాడు. అది మేకలు కాసే ముసలామె చేతిలో ఉంది.

"అవ్వా, అది నాదే. పాతకాలం, ఒకదాని మీద ఒకటి రెండు రెక్కలుండే విమానాన్ని చూసి అచ్చం అట్లనే చేసినా."

"రెండు యాడుండాయి నాయనా? పై రెక్క మా మేక తినింది."

"అయ్యో! ఎనిమిది నెలలు కూర్చోని పుల్లలకు కాగితం అతికించినానవ్వా!"

"గంజితో అతికించినట్టుండావు, కమ్మంగా తినింది. అయినా ఎగరేసినోడివి, యాడ దిగాలో దానికి చెప్పొద్దా?"

"దీనికి రిమోట్ ఉండదు. బుల్లి మోటారు తిరుగుతాది, వదిలేస్తే దాని ఇష్టం. అదే దీని గొప్ప."

"అట్లాంటి గొప్పోళ్లు మా ఇంట్లో ముగ్గురుండారు."

"నవ్వమాకవ్వా. ఇందులో బ్యాటరీ ఏది?"

"అదేంది? అది గూడా తినుంటే?"

"మేక బతకదు."

ముసలామె నవ్వు ఆగిపోయింది. ఇద్దరూ మోకాళ్ల మీద కూర్చుని గడ్డి అంతా తడిమారు.

"దొరికింది! ఇదిగో, కంపచెట్టు మొదట్లో పడింది."

"అమ్మయ్య! నా ఏడుపు తీరిపోయింది. ఇంక నీ ఏడుపు నువ్వు తీరుబాటుగా ఏడువు నాయనా, నేను పోతాండా."