రెండు చప్పట్లు

వరద నీళ్లలో పడవలేసుకుని వచ్చిన తల్లులారా, తండ్రులారా, పిల్లలారా! మన నసిలెలే టీచరమ్మ ఇక లేరు. పోయిన గురువారం మలేరియా ఆవిడను తీసుకుపోయింది. పదహారేళ్లు ఈ బడిలో పాఠం చెప్పిన మనిషి. హెడ్మాస్టరును కదా అని నాలుగు మాటలు చెప్పమన్నారు. నాకా అర్హత ఉందా? లేదు. ఎందుకో వినండి.

ఆవిడ తరగతిలో ఒక పద్ధతి ఉండేది. మనం పెద్దల ముందు మోకాళ్లు వంచి గౌరవంగా, మెల్లగా చప్పట్లు తడతామే, అలా తోటి పిల్లలకు కూడా రెండుసార్లు తట్టాలి. తట్టి, అవతలివాళ్లు చెప్పిన మాటను తిరిగి చెప్పాలి. "అవును, నేనన్నది అదే" అని వాళ్లు ఒప్పుకున్నాకే ఎదురు మాట్లాడాలి. ఎంత నవ్వాం మనం! "పిల్లలకి పిల్లలు తట్టడమేంటి? రేపు మేకలకి కూడా తట్టిస్తుంది కాబోలు!" అన్నది ఎవరనుకున్నారు? నేనే.

చేపల నిషేధం మీద చర్చ గుర్తుందా పిల్లలూ? డిసెంబరు నుంచి మూడు నెలలు, చేపలు గుడ్లు పెట్టే కాలమని, నదిలో వల వేయకూడదు కదా. అయినా వేశాడని మన ముబిటా తండ్రి వలను నది కాపలావాళ్లు తగలబెట్టిన వారం అది. ఆ కాపలావాళ్లలో ఒకరి కూతురు ఇనొంగేదీ ముబిటా తరగతే. నిషేధం మంచిదే అని ఆ పిల్ల అనగానే ముబిటా పిడికిలి బిగించి లేచాడు. టీచరమ్మ అరవలేదు. "ముందు తట్టు నాయనా" అన్నారు, అంతే. వాడు తట్టాడు. ఇనొంగే మాటను మూడుసార్లు తిరిగి చెప్పాడు. మూడుసార్లూ ఆ పిల్ల "కాదు, నేనలా అనలేదు" అంది. నాలుగోసారి ఆ పిల్ల వైపు తిరిగి అన్నాడు: "ఇప్పుడు ఆగకపోతే నదిలో చేపే మిగలదు, అప్పుడు మా నాన్న వల ఎక్కడ వేస్తాడు అంటున్నావు." "అవును" అంది ఇనొంగే. తర్వాత వాడు తన మాట చెప్పాడు. ఈసారి ఆ పిల్ల తట్టి, వాళ్లింటి ఆకలి గురించి వాడు చెప్పినదంతా తిరిగి చెప్పింది. ఆ సాయంత్రం ఇద్దరూ కలిసే ఇంటికి నడిచారు.

అయినా పెద్దల ఫిర్యాదులు వచ్చాయని నేను ఆ చర్చలు ఆపించాను. ఉపాధ్యాయుల సమావేశంలో టీచరమ్మ లేచి నాకు రెండుసార్లు తట్టారు. "బడిలో పుట్టిన తగాదా ఊరి మీద పడుతుందని మీ భయం" అన్నారు. అవునన్నాను. అప్పుడు తన మాట చెప్పి, నేను తిరిగి చెబుతానని అలాగే నిలబడ్డారు. నేనేం చేశాను? సగం మనసుతో విన్నాను, తిరిగి చెప్పలేదు. "చాల్లేమ్మా, టీ చల్లారిపోతోంది" అన్నాను.

ఆవిడ కూర్చున్నారు. ఆ తర్వాత రెండు టర్ములు ఆవిడ తరగతి గదిలో పాఠం తప్ప మరో మాట వినపడలేదు. సిగ్గుతో చచ్చిపోతున్నాను, అమ్మలారా. సోమవారం నుంచి చర్చలు మళ్లీ జరుగుతాయి. ఆలస్యమైంది, తెలుసు.

ఇదిగో టీచరమ్మా, తడుతున్నాను. ఒకటి. రెండు. మీరన్నది ఇది: "తగాదా ఊళ్లో ఎలాగూ ఉంది సార్. దెబ్బలాట లేకుండా తగాదా పడటం పిల్లలు ఇంకెక్కడ నేర్చుకుంటారు?" సరిగ్గా చెప్పానా?

అవుననడానికి ఆవిడ లేరు.

అందరూ లేవండి. ఆ రోజు నా జవాబు కోసం ఆవిడ ఎంతసేపు నిలబడ్డారో, అంతసేపు మౌనంగా నిలబడదాం.