చూడకుండా విసిరిన వెదురు చక్రం

ఈ సభకు పెద్దదిక్కుగా కూర్చున్న అటవీ రేంజరుగారికీ, మా కోసం కొండ దిగి వచ్చిన గూడెం పెద్ద సోమన్నగారికీ, చలికి గొంగళ్ళు కప్పుకుని కూర్చున్న మిత్రులందరికీ తాతారావు నమస్కారాలు.

ఇందాక సర్వేశ్వరరావుగారి మెడలో దండ వేస్తూ కాస్త గట్టిగానే లాగాను. అభిమానమనుకున్నారు కాబోలు. కాదు, కడుపుమంట. (నవ్వులు) పదవీ విరమణ నాడు ఇవేం మాటలని రేంజరుగారు కళ్ళతోనే గదమాయిస్తున్నారు. నన్ను మాట్లాడమన్నది వారే కదా.

సర్వేశ్వరరావుగారూ నేనూ ఒకే ఎడ్లబండిలో అనంతగిరి ఘాటు ఎక్కి, ఒకే పనిలో చేరాం. కొండ మీద ఎన్ని రకాల మొక్కలున్నాయో తేల్చాలి. కొండంతా ఎవరు లెక్కపెట్టగలరు? అందుకని వెదురు బద్ద వంచి చక్రం కట్టి, విసిరి, అది పడినచోట లోపల ఎన్ని రకాలున్నాయో చూసి, కొత్త రకం కనబడడం మానేసేదాకా అలా విసురుతూనే ఉండాలి. నేను నీళ్ళు పారే గెడ్డ ఒడ్డున, అడవి అల్లం విరగబూసినచోట చూసి విసిరేవాణ్ణి. తప్పేమిటి? కొండ గొప్ప చూపించవద్దా? ఈయన మాత్రం వెనక్కి తిరిగి, కళ్ళు మూసుకుని విసిరేవారు. ముళ్ళలో పడితే ముళ్ళలోనే కూర్చునేవారు. మనకు నచ్చినచోట విసిరితే అది కొండ లెక్క కాదు, మన ముచ్చట లెక్క అనేవారు. మా సామాను మోసే సుక్రు, అదిగో తలుపు దగ్గర నవ్వుతున్నాడు, ఓసారి ఉండబట్టలేక అడిగాడు: “ఏటి బాబూ, కళ్ళు మూసుకుని ఏటి ఎతుకుతున్నావు? తెరిస్తే బేగి దొరుకుతాది గదా!” (నవ్వులు)

గాలికొండ మీద ఒక మధ్యాహ్నం నేను అడ్డాకులో చద్ది తింటూ ఉంటే, ఆ చక్రం ఎగిరొచ్చి నా ఒళ్ళో పడింది.

“లెగు, తాతారావూ.”

“ముద్ద నోట్లో ఉంది. ఇంకోకాడ ఇసురుకోవయ్యా!”

“పడ్డకాడే సూడాల. లెగు.”

లేచాను. నా కింద నలిగిన గడ్డిలో, మేమిద్దరం ఎన్నడూ చూడని పోచ ఒకటి ఉంది. దాన్ని పరీక్షకు పంపితే, పోయిన నెల కలకత్తా మొక్కల శాస్త్రజ్ఞుల నుంచి కబురొచ్చింది. అది శాస్త్రానికే కొత్తదట, దానికి ఈయన పేరు పెట్టారట. దాని మీద కూర్చున్నది నేనండీ! (పెద్దగా నవ్వులు) ఏటేటా తొలకరికి ఆయన పేరు గాలికొండ మీద మొలుస్తుంది. నాకు వచ్చే ఏడు పింఛను వస్తుంది.

నిన్న సిగ్గు విడిచి, ఆ చక్రం నాకిమ్మని అడిగాను. “నువ్వు సూసి ఇసురుతావు, ఇవ్వను” అన్నారు. నాకు అన్నం సయించలేదు. సరే, తీసుకుపో, సర్వేశ్వరరావూ! మీ శృంగవరపుకోట వరిచేలో ఎన్నిసార్లు విసిరినా చక్రంలో వరే పడుతుంది.

(కుర్చీ వెనక నుంచి వెదురు చక్రం తీసి చూపిస్తూ) నేనూ ఒకటి కట్టుకున్నాను. రేపు గాలికొండ ఎక్కి, వెనక్కి తిరిగి, కళ్ళు మూసుకునే విసురుతాను. ఒకవేళ దొంగచూపు చూస్తే, “సూసేసినావు, మళ్ళీ ఇసురు” అనడానికి నువ్వు ఉండవు. నీ గడ్డిపోచ కన్నా నాకు ఎక్కువ మండుతున్నది అందుకే.

నా ఏడుపు ఓపిగ్గా విన్న పెద్దలకు కృతజ్ఞతలు. సెలవు.