కప్పు ఎక్కని గోడలు

హలో… హనుమండ్లన్నా? ఆ, నేనే. శ్యామలను.

పొద్దుగాల నువ్వు ఫోన్ చేసినప్పుడు డాక్టర్ దగ్గర ఉన్న. ఎత్తలే.

…కరీంనగర్‌లనే. ఇంక దవాఖానలనే ఉన్నం.

…నిన్న మా ఆయనను ఐసీయూల నుంచి వార్డుకు తెచ్చిండ్రు. ఊపిరి జర నయం. కిడ్నీలు పని చేస్తలేవు గదా అన్నా, తాగిన నీళ్లన్ని ఒంట్లనే ఉంటున్నయి. ఊపిరితిత్తులల్లకు పోయినయట.

…పండుకున్నడు. లేసినంక మాట్లాడిస్త.

నువ్వు చెప్పు. ఆడ మొగులయిందా?

…రాయికల్‌ల వాన పడ్డదా? మన ఊరికి ఇంక రాలే గదా?

…తుంపరేనా. సరే.

కొత్తింటి గోడల మీద ప్లాస్టిక్ కవర్లు కప్పినవా?

…చినిగినయా? అన్నీ?

…ఆ, కప్పు మీది పెంకల గురించే ఫోన్ చేసినవని ఎరుకే. దుకాణపాయన మాత్రం ఎన్ని దినాలు ఆపుతడు.

అన్నా… పెంకలు వద్దు.

…వద్దంటే వద్దే. దూలాలు గూడ ఎక్కియ్యకు. పని ఆపు.

…హలో? ఉన్నవా?

…కోపం కాదన్నా. నీ పనికి వంక పెడ్తనా నేను? పైసలు లేవు.

…కప్పుకని పక్కకు పెట్టిన రెండు లక్షలు గీడనే అయిపోయినయి. డయాలసిస్ సర్కారు కార్డు మీద నడుస్తది. ఐసీయూ ఖర్చు మనదే.

…లేదు, ఆయనకు చెప్పలే. రోజు అడుగుతుండు, పెంకలు దిగినయా అని. దిగినయి అంటున్న.

…ఏమని చెప్పాలె మరి? పద్నాలుగేండ్లు మస్కట్‌ల సెంట్రింగ్ పని చేసిండు. అందరికి సిమెంటు బిల్డింగులు లేపి, ఎండల కాగి కాగి కిడ్నీలు ఖరాబు చేసుకొని వచ్చిండు. మనకు సిమెంటు వద్దే, మట్టి గోడలు పెట్టుకుందాం, సల్లగ పండుకుంటం అన్నడు. నీ ముందలనే గదా లెక్క గీసింది? మట్టి మన జాగలదే, దానికి పైస లేదు. గడ్డి మన పొలందే. ఇగ సున్నం, కట్టె, పెంక, నీ కూలి. ఆరు లక్షలల్ల అయిపోతది, అదే సిమెంటుదైతే పద్దెనిమిది అన్నడు. నువ్వు గూడ అవునంటివి.

…నీ తప్పు గాదన్నా. లెక్క గూడ తప్పు గాదు. అప్పుడు గోలీలతోనే నడుస్తదన్నరు. గిట్ల మంచంల పడ్తడని ఎవ్వలనుకున్నరు?

…రేకులా? రేకులకు గూడ యాభై వేలు. ఏడికెళ్లి తేవాలె?

…మా అన్న ఇచ్చిండు. మా ఆయన అక్క ఇచ్చింది. ఇంక అడగనీకె ఎవ్వలు మిగల్లే.

…నీ పైసలు పెడ్తవా? నీకే మూడు వారాల కూలి బాకీ ఉన్నం. వద్దన్నా. వదినె ఊకుంటదా?

…వద్దన్న గదా. గా మాట ఇడిసిపెట్టు.

ఒక పని చెయ్. కొత్త కవర్లు కొని కప్పు. వాటికి మాత్రం పంపిస్త. గీ వానకాలం గడిస్తే, దసరాకు ఏదన్న…

…గోడలు అందాంక ఆగయా?

…నాకు ఎరుకే, కింది నుంచి నానుతయని. నువ్వు చెప్పాల్నా? గానీ ఎండకాలమంత నేనే తొక్కిన గా మట్టి. కాళ్లు పగిలినా తొక్కిన. మా బిడ్డ దీపిక పరీక్షలు అయిపోంగనే అది గూడ వచ్చి నాతోని దిగింది. ఎట్ల ఇడిసిపెట్టమంటవ్? మల్ల గా రేకుల కిరాయి ఇంట్లకే తోల్కపోవాల్నా ఆయనను? గా ఉడుకల మంచిగున్న మనిషే ఉండలేడు.

ఆగు అన్నా. ఒక్క నిమిషం.

ఏందయ్యా, లేసినవా? నీళ్లు గావాల్నా?

…ఎప్పటి నుంచి వింటున్నవ్?

…అన్ని విన్నవా.

…చెప్దామనుకున్న. నువ్వు జర కోలుకున్నంక చెప్దామనుకున్న. …అవును, అబద్ధమే చెప్పిన.

…హనుమండ్లన్న. లైన్లనే ఉన్నడు.

…ఏమన్నవ్?

…మల్ల అను.

నేను చెప్ప. గా మాట నా నోటితోని చెప్ప.

…సరే. సరే, గట్టిగ మాట్లాడకు. దమ్ము వస్తది.

అన్నా. ఉన్నవా? …ఆయన లేసిండు. అన్ని విన్నడు. గోడలు కూలగొట్టుమంటుండు.

…నేను గాదు, ఆయనే అంటుండు.

…ఫోన్ ఇచ్చినా మాట్లాడలేడు. నేనే చెప్తున్న, విను. కప్పు లేని గోడ నానినంక ఒక్కపారే పడ్తదట. ఎప్పుడు పడ్తదో, ఎవ్వల మీద పడ్తదో తెల్వదట. మస్కట్‌ల సెంట్రింగ్ కూలినప్పుడు ఆయన పక్కనున్న పిలగాడు దాని కిందనే… ఆ, నిజామాబాద్ పిలగాడే. నీకు గూడ చెప్పిండా? నాకు ఒక్కసారే చెప్పిండు. మల్లెన్నడు ఆ ముచ్చట తియ్యలే.

పక్కింటి కొమురవ్వ మనుమలు ఇంక మన గోడల నడుమనే ఆడుతున్నరా, అడుగుమంటుండు.

…ఇప్పుడు గూడనా?

అవునటయ్యా. ఇప్పుడు గూడ అండ్లనే ఉన్నరట.

అన్నా, ముందుగాల వాళ్లను బయటికి తోలు. పో. తోలినంక మాట్లాడు. నేను లైన్లనే ఉంట.

నన్ను అట్ల చూడకయ్యా. చెప్పిన గదా నువ్వన్నట్టే.

…నాకు పిల్లల మీద పానం లేదనా? నేను గదే అంటున్ననా? గంత కష్టపడి లేపినం, ఒక్క మాటల కూలగొట్టుమంటే నా నోరు ఎట్ల వస్తది?

…ఊకో. నువ్వు ఏడిస్తే మల్ల ఊపిరి అందది. ఇగో, నేను ఏడుస్తలే సూడు. ఊకో.

ఆ, అన్నా. పోయిండ్రా? …మంచిది. కొమురవ్వకు గూడ చెప్పు, ఇంక అటు రానియ్యొద్దని.

ఇయ్యాల్నే మొదలుపెట్టు. మొదలు దర్వాజలు, కిటికీలు ఊడదియ్. దూలాలతోని కలిపి ఎవ్వలకన్న అమ్ము. నీ కూలి అండ్లకెళ్లే పట్టుకో. మిగిలితే మందులకు పంపు.

…మొహమాటం పడకు. నీ కష్టమే గదా.

ఆగు, ఆయన ఏదో అంటుండు. …గోడను లోపటికే నూకాలెనట. బాట దిక్కు పడొద్దట. మనుషులు బయటనే నిలవడాలెనట.

…నేను వచ్చేదాంక ఆపుతవా? వద్దన్నా. వాన నా కోసం ఆగుతదా? నేను సూడలేను గూడ.

…నువ్వు గిట్లయితే ఎట్లన్నా? నువ్వే ధైర్యం చెప్పాలె మాకు.

…చెప్త. ఆయనకు గూడ చెప్త. …ఉంట మరి.

ఫోన్ పెట్టిండయ్యా.

…ఒప్పుకున్నడు. ఏడుస్తుండు, గానీ ఒప్పుకున్నడు.

…ఇయ్యాల ఒక్క పూటల అయ్యే పని గాదంటుండు. పొద్దుగాల దర్వాజ పక్కకు జర చెక్కుదామని గడ్డపార ఏస్తే దిగనే దిగలేదట. రెండు మూడు దినాలన్న పడ్తదట నాలుగు గోడలు పడేటాలకు.

…అవునయ్యా. మంచిగనే కట్టినం.