ముప్పై ఏడో గూడు

కర్నూల్లో హంద్రి పక్కన, కాలువ వంతెన కింద ఊట నీళ్ళు నిలిచి ఒక మడుగైంది. ఊరు ఊరంతా తన చెత్తను దాని ఒడ్డునే పోసేది. జమ్ము పెరిగింది, తుమ్మచెట్లు నీళ్ళ మీదికి వంగినాయి, ఎక్కడెక్కడి పిట్టలో వచ్చి చేరినాయి. జనం ముక్కు మూసుకుని దాటిపోయే ఆ చోటికి రోజూ పొద్దున్నే పనిగట్టుకుని పోయి కూర్చునేవాడు ఒక్కడే, నేతగాడు కాశన్న.

ఇన్నాళ్ళకు ఆ మడుగుకు యోగం పట్టింది. పిట్టలంటే ప్రాణమిచ్చే జిల్లా దొర ఒకడు దుర్బీను పట్టుకుని వచ్చి, రెండు రోజులు ఒడ్డు మీద తిరిగి, ఇక మీదట ఇక్కడ చెత్త పోయకూడదు, వలలు వేయకూడదు, ఒక కావలి మనిషిని పెట్టండి అని మున్సిపాలిటీకి చెప్పిపోయాడు. ఆ మనిషి వారం వారం ఏ పిట్టలు ఎన్ని ఉన్నాయో సరిగ్గా లెక్క చెప్పాలి. మనిషిని ఎంచే పని మెంబరు దేవేంద్రప్ప మీద పడింది.

ఆ సంగతి వినగానే కాశన్న పెళ్ళాం ఉరుకుందమ్మ ఒక్కటే మాట అనేసింది. "పిట్టలు చూసేదే నీ పనైతే ఆ పనన్నా సంపాదించుకోని రా. సాయంత్రానికి ఉత్తచేతుల్తో వచ్చినావంటే మగ్గం గుంతలోకి దిగు. ఇంక మడుగు మాట ఎత్తొద్దు." ఆమె ఒకసారి అంటే అన్నట్టే. అందుకే కాశన్న ఆ పొద్దు తలకు నూనె రాసి, ఎర్రంచు కొత్త తుండుగుడ్డ భుజాన వేసుకుని, దస్తగిరి టీ కొట్టుకు బయలుదేరాడు. దేవేంద్రప్ప పొద్దున టీ తాగేది ఆడనే.

"దండాలన్నా దేవేంద్రప్పన్నా! కావలి మనిషి కోసం ఊరంతా వెతుకుతాండారంటనే? వెతకాల్సిన పనేముండాది, మీ ముందరే నిలబడుకోనుండాడు."

దేవేంద్రప్ప పైనుంచి కిందికి చూశాడు. "నువ్వా? నీకు పిట్టల సంగతి ఏం తెల్సు కాశన్నా?"

"ఏం తెల్సా!" కాశన్న బల్ల మీద కూర్చుని కాలు మీద కాలు వేసుకున్నాడు. దస్తగిరి టీ గ్లాసు అందిస్తూనే నవ్వు ఆపుకున్నాడు. కొట్టు పక్కనే సుబ్బక్క అద్దకం వేసిన నూలు చిలపలు కొయ్యల మీద ఆరేస్తా ఉంది. కాశన్న ఇంటికి ఆమెది రెండో ఇల్లు. ఆమె తల తిప్పలేదు గానీ చెవి ఇటే పెట్టింది.

"నేనేం పెద్ద గొప్పలు చెప్పుకునే మనిషిని కాదన్నా. పోయిన నెల ఒక గిజిగాడు గూడు అల్లతాంటే చూస్తాంటి, అంతే. నేతగాని కండ్లు కదా, ఊరుకుంటాయా? గిజిగాళ్ళలో గూడు అల్లేది మగదన్నా. ఆడది వచ్చి లోపల దూరి, ముక్కుతో పొడిచి, పోగు పోగూ లాగి చూస్తాది. నచ్చిందా, ఉంటాది. నచ్చల్యా, తుర్రుమని పోతాది, ఈ నాయన ఆ గూడు ఇడిసిపెట్టి మళ్ళా మొదట్నుంచి అల్లుకోవల్ల. ఇది దేవుని సాక్షిగా నిజం."

"ఇంతవరకు నిజమే," అన్నాడు దస్తగిరి. "ఇంక ఈడ్నుంచి చూడండి."

"నువ్వు పాలు పొంగుతాండాయి చూస్కో. ఆ, ఏం చెప్తాంటి? ఆ గిజిగాని గూటికి అడుగున పోగు వదులైపోయింది. నేనుండబట్టల్యాక, ఒరేయ్, ఆ కొస లోపలికి తిప్పి ముడెయ్యిరా అంటి. ఆ తర్వాత ఏమైందో తెల్సునా? అది నా దిక్కు చూసినాది, కొస లోపలికి తిప్పినాది, ముడేసినాది! మర్నాడు పోతే నలభై గిజిగాళ్ళు వరసగా కొమ్మ మీద కూర్చోనుండాయి, బడికొచ్చిన పిల్లకాయల మాదిరి. నేను పగిలిన కుండ నెత్తిన బోర్లించుకోని, గొంతు లోతు నీళ్ళల్లో నిలబడి, మూడు పొద్దులు వాటికి ముడులు నేర్పిస్తి. ఆ కుండ మీద ఒక నీటికాకి గుడ్లు కూడా పెట్టినాది. పొదిగేదాకా తల తిప్పకుండా నిలబడినా."

"పిల్లలైనాయా?"

"మూడు. ఒకటి నన్ను నాయనా అనేది."

దేవేంద్రప్ప మీసం కింద నవ్వాడు గానీ, మనసులో ఉన్న ప్రశ్న అడిగేశాడు. "అంతా బాగుండాది. మరి రోజంతా నువ్వు మడుగు కాడ ఉంటే మీ ఇంట్లో మగ్గం సంగతేంది? రేపు అదునుకు చీర కావల్ల అని సావుకారు పిలిస్తే కావలి ఇడిసిపెట్టి పోతావు."

కాశన్న ఒక్క గుక్క టీ తాగాడు. ఇదే చిక్కు ప్రశ్న. ఉన్నది ఉన్నట్టు చెప్పడానికి నోరు రాలేదు. కానీ నోరు ఊరకుండే రకమూ కాదు.

"నా మగ్గం ఒక్క పొద్దు కూడా ఆగల్యాదన్నా. ఎందుకాగుతాది? నేసేది నేను కాదు కదా, పిట్టలు!"

దస్తగిరి గరిటె పక్కన పెట్టేశాడు.

"నవ్వొద్దప్పా, వినండి. ఒక పొద్దు పడుగు చుట్టుకోని మడుగు కాడికే పోతి, ఒడ్డున సాగదీసుకుందామని. నేనింకా కొయ్యలు కూడా నాటల్యా. ఈ గట్టు మీది కొంగలన్నీ పడుగు ఈ కొస ముక్కున కరుచుకున్యాయి, ఆ గట్టు మీది నీటికాకులు ఆ కొస కరుచుకున్యాయి, రెక్క కొట్టినాయంటే పడుగు పోయి ఆకాశంలో నిలిచినాది! ఇంక చూస్కో నా సామిరంగా! సగం పోగులు పట్టుకున్న పిట్టలు పైకి లేస్తాయి, సగం పట్టుకున్నవి కిందికి దిగుతాయి, ఆ సందులోంచి లకుముకిపిట్ట మగ్గంలో పోగు మోసే నాడె మాదిరి సర్రుమని ఇట్ల పోతాది, సర్రుమని అట్ల వస్తాది. నేను కింద నిలబడి, ఊ కానియ్యండి, ఊ కానియ్యండి అనేది తప్ప వేలు పెట్టింటే ఒట్టు."

"గంజి ఎవరు పెట్టినారప్పా?" సుబ్బక్క అటు తిరిగే అడిగింది. "గంజి పెట్టని పడుగు బారెడు నేయకముందే పుటుక్కుమంటాదే."

"మంచి మాట అడిగినావు సుబ్బక్కా! గూడబాతులు ఎందుకుండాయి మరి? గొంతు కింద సంచి ఊరికే ఇచ్చినాడా దేవుడు? ఊళ్ళో వంటిళ్ళల్లో వంచిన గంజంతా సంచుల్లో పట్టుకొచ్చి పై నుంచి చల్లినాయి. ఆ పొద్దు మీ ఇంట్లో గంజి కనపడక బర్రెకు ఉత్త కుడితి పెట్టినావు, మతికి తెచ్చుకో."

కాశన్నకు ఊపు వచ్చేసింది. లేచి నిలబడ్డాడు.

"గుడ్డ పెరుగుతానే ఉండాది. వంతెన కాడ మొదలై కొండారెడ్డి బురుజు దాటినాది. ఊరంతా నీడ పడి, జనం గొడుగులు ముడిచి సంకన పెట్టుకున్యారు. ఆ కొస పోయి మహానంది మీద పడితే, కోనేట్లో మునిగినోళ్ళు పొద్దు గూకిందనుకోని లేచొచ్చి దీపాలు పెట్టినారు. పూజారి పవళింపు సేవ కూడా చేసేసినాడు, మళ్ళా దేవుని లేపేటప్పటికి వానికి తల ప్రాణం తోకకొచ్చినాది. శ్రీశైలం దాకా పోయేదే, నేనే, చాలు ఆపండి, దేవునికి ఎండ తగలకపోతే ఎట్లా అని గట్టిగా కేకేస్తి. లకుముకిపిట్టకు చెమట పట్టింది పాపం. ఆ గుడ్డను తునకలు చేసి ఇంటికి మోసేటప్పటికి నాకు మూడు బండ్లు పట్టినాయి. నమ్మరా? ఇదో, దాంట్లోదే ఈ తునక. పట్టి చూడండన్నా. మనిషి చెయ్యి పడిన నేతనా ఇది?"

భుజం మీది తుండుగుడ్డ తీసి దేవేంద్రప్ప ఒళ్ళో పరిచాడు. నేత నిజంగానే ఒత్తుగా, సమంగా, చూడ ముచ్చటగా ఉంది. దేవేంద్రప్ప వేళ్ళతో తడిమి, "నేత మటుకు భలే ఉండాదప్పా," అన్నాడు. కాశన్న రొమ్ము విరుచుకున్నాడు.

అప్పుడు సుబ్బక్క చేతుల రంగు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. తుండుగుడ్డ కొస పట్టుకుని తిరగేసింది.

"అన్నా, మా వీధిలో ఎవరు నేసిన గుడ్డకు వాళ్ళు అంచు కొసన గుర్తు పోగులు పెడ్తారు, ఎవరి చెయ్యో తెలియాలని. కాశన్నది రెండు నల్లపోగులు. దీనికి చూడండి, ఒకటి నలుపు, ఒకటి పసుపు. ఆ పసుపు నూలు అద్దిచ్చింది నేనే, ఉగాదికి. ఆ పొద్దు నుంచి వాళ్ళింట్లోంచి వచ్చే గుడ్డలన్నిటికీ ఇదే గుర్తు." ఆమె కాశన్న దిక్కు తిరిగింది. "నేసింది పిట్టే, నేను కాదనను. ఆ పిట్ట పేరు ఉరుకుందమ్మ. పొద్దు పొడిచేసరికి గుంతలో దిగుతాది. గిజిగాళ్ళల్లో అల్లేది మగదని నువ్వే చెప్తివి గదప్పా, మీ గూట్లో ఎందుకు తారుమారైనాది?"

దస్తగిరి పగలబడి నవ్వాడు. దేవేంద్రప్ప నవ్వలేదు. తుండుగుడ్డ మడిచి కాశన్న చేతిలో పెట్టి లేచాడు. "నాకు లెక్క చెప్పే మనిషి కావల్ల. కోతలు కోసేటోడు కాదు. దొర దుర్బీనేసుకోని మళ్ళా చూస్తాడు, నువ్వు వెయ్యి చెప్తే నా పరువు పోతాది."

కాశన్నకు సిగ్గుతో చెవులు మండినాయి. సిగ్గు కంటే ఎక్కువగా దిగులేసింది. రేపట్నుంచి ఆ మడుగు ఉండదు తనకు. గిజిగాళ్ళు ఉండవు. దేవేంద్రప్ప రెండడుగులు వేసేశాక కాశన్న గొంతు లేచింది, చిన్నగా.

"ముప్పైయారు గూళ్ళన్నా."

"ఏంది?"

"గిజిగాళ్ళవి. ముప్పైయారు. ఆడవి ఒప్పుకోనుండేవి పద్నాలుగు. జమ్ములో నీటికోళ్ళు రెండు జతలు. ఒకదానికి ఐదు పిల్లలుండె, నిన్న నాలుగే కనపడినాయి. లకుముకిలు మూడు. కొంగలు వస్తాంటాయి పోతాంటాయి, ఆ లెక్క నిలవదు." ఆగి, నేల చూస్తూ అన్నాడు. "గూడబాతులు ల్యావు. ఈ మడుగులో నేను ఒక్కదాన్ని కూడా చూడల్యా."

దేవేంద్రప్ప జేబులోంచి దొర పిట్టల లెక్క రాసిచ్చిన చీటీ తీశాడు. వేలు పెట్టి ఒక్కొక్కటే చదివాడు. "నీటికోళ్ళు సరే. లకుముకిలు సరే. గూళ్ళు మటుకు ముప్పైయైదే అని రాసినాడు దొర."

"దొర గట్టు మీంచి చూసినాడు. ఇంకొకటి వంతెన రెండో కమాను లోపల, వంగిన తుమ్మకొమ్మకుండాది. నీళ్ళల్లో దిగితే తప్ప కనపడదు."

"ఇదో, మళ్ళా మొదలు," అన్నాడు దస్తగిరి.

"ఉండాది." సుబ్బక్క అంది. "నూలు జాడిచ్చేకి నేను ఆడికే దిగుతా. నా కండ్లతో చూసినా. నీళ్ళు గొంతు లోతు కాదు గానీ, గూడు మటుకు ఉండాది."

దేవేంద్రప్ప చీటీ మీద ముప్పైయైదు కొట్టేసి ముప్పైయారు వేశాడు. "రేపట్నుంచి కావలి నీదే కాశన్నా. కండ్లతో చూసింది చెప్పు, నోటితో చూసింది చెప్పొద్దు."

కాశన్న మడుగు దిక్కుకు అడుగు వేయబోయాడు.

"అట్ల కాదప్పా," సుబ్బక్క నూలు చిలప దులుపుతా అంది. "కావలి రేపట్నుంచి గదా. ఈ పొద్దు ముప్పై ఏడో గూటికి పో. ఆడ ఆడపిట్టే అల్లుకుంటాండాది."

ఇంటికి చేరేసరికి మగ్గం చప్పుడు వీధిలోకే వినిపిస్తా ఉంది. ఉరుకుందమ్మ నాడె ఆపి తలెత్తింది. దారి పొడుగునా కాశన్న ఒక కథ కట్టుకుంటూనే వచ్చాడు, దొరే తన చెయ్యి పట్టుకుని బతిమాలినట్టు. ఆమె మొహం చూశాక అది నోట్లోంచి రాలేదు.

"పని దొరకల్యా?"

"దొరికినాది. రేపట్నుంచి. నువ్వు లేయ్, నేను దిగుతా."

ఉరుకుందమ్మ లేచింది. పక్కకు పోయి పడుకోలేదు, పొయ్యి దగ్గరికీ పోలేదు. మగ్గం పక్కనే కూర్చుని, కాశన్న నేసిన ప్రతి జానెడునూ వంగి పోగు పోగూ లాగి చూసింది.