సముద్రము కొంచెము కారముగా ఉండును

నమ్మలేదంటే ఆ బెత్తం నా వీపు మీదనే ఇరగ్గొట్టండి అయ్యవారూ, ముందే చెప్తాండా. అంతవరకూ దాన్ని బల్ల మీద పెట్టండి. వయసులో నా కొడుకు కన్నా చిన్నోరు మీరు. మా ఉమకు మూడో తరగతి చెప్పే యోహాను అయ్యవారు గాబట్టి మీరంటాండా. మూడు దినాలాయ పిల్లను బెంచీ ఎక్కించి. ఎనిమిదేండ్ల పిల్లకు కాళ్లు పీకవా?

ఏం రాసిందని? ‘సముద్రపు నీళ్లు ఉప్పగాను, కొంచెము కారముగాను ఉండును.’ ఇదే గదా? తప్పని ఒప్పుకుంటేనే దింపుతా, లేకుంటే పై తరగతికి పంపనంటాండారంట. అదేమో, మా తాత తాపించినాడు, నేను తాగినా, మార్చి రాయనంటాంది. మొండిది. మా వంశమే అంత.

చెప్తా, కూర్చోండి. నిరుడు దసరా సెలవులు. రాజధాని మన కర్నూల్నుంచి పోయిందని పెద్దోళ్లంతా ఏడాదిగా మొగాలు ఏలాడదీసుకొని ఉంటిరి. పిల్లోళ్లకన్నా సంబరం చేద్దామని, ఉమను, దాని తమ్ముడు మూడేండ్ల ఓబులేసును తీసుకొని నంద్యాల్లో రైలెక్కితి. బందరు పోయి సముద్రం చూపిద్దామని. పడుచుతనంలో బందరు సముద్రంలో ఆరు మైళ్లు ఈదినోణ్ణి నేను. తిమింగలాలు పక్కకు జరిగి దారిచ్చినాయి. ఆళ్లగడ్డలో ఎవర్నన్నా అడగండి. ఉమ ఆ కథ ఇనకుండా ఒక్క ముద్ద తిని ఎరగదు.

నల్లమల ఎక్కుడు కాడ ఇంజను మొరాయించె. దిగి భుజమిచ్చి తోసినా. కదిలె.

నవ్వుతాండారు. సరే, గార్డు గూడా ఒక చెయ్యేసినాడు. సరేప్పా, రైలు ఊరికే నిలబడుంటే, ఓబులేసు ఒంటికి పోవాలంటే దిగినా. చాలునా?

ఆ మీదట వానికి వాంతులు. గిద్దలూరు దాటేలోపల నా పంచె పాయ. ఎదురుగా కూర్చున్న సంజామల పెద్దాయన తలగుడ్డ గూడా పాయ. ఆయప్ప తిట్లు పడలేక కంభంలో దిగేస్తిమి. స్టేషను ముందర జట్కా ఎక్కితిమి. పిల్లోనికి గాలి తగిలితే నెమ్మదిస్తాదని జట్కావాడు చెరువుకట్ట మీదికి తోలుకపాయ. కంభం చెరువు చూసినారా మీరు? ఆ యేడు నిండుకుండ. ఉమ జట్కాలోంచి దూకి, “తాతా, సముద్రం” అనె.

నేను ఔనన్లేదు అయ్యవారూ. కాదన్లేదు, అంతే. అయినా మన సీమలో ప్రతి చెరువుకూ సముద్రమనో సాగరమనో పేరు పెట్టుకుంటిమి గదా, అది మాత్రం ఏం పాపం చేసింది?

అలలేవనె. ఎండకు పడుకున్యాయంటి. ఓడలేవనె. చేపలోళ్ల పుట్టిని చూపించి, అది ఓడపిల్ల అంటి. ఎనుముల్ని కడుగుతాండారేందనె. నీటేనుగులు లేవా, అట్లనే ఇవి సముద్రపెనుములు అంటి. అన్నీ నమ్మె. ఆఖర్న, సముద్రం ఉప్పగుంటాదని మా బుక్కులో ఉండాదే అని దోసిట్లోకి నీళ్లు తీసుకునె. ఆ బుక్కు మీరు చెప్పిందే గదా.

అది నోటికాడికి పోకముందే చెయ్యి పట్టుకుంటి. సముద్రాన్ని మొదటిసారి పెద్దోళ్ల చేత్తోనే తాగాల, కండ్లు మూసుకోవాల, అది ఆచారమంటి. మా ఇంటామె రామేశ్వరమ్మ రొట్టెల్లోకి కట్టిచ్చిన పొట్లం వీపు ఎనకాల ఇప్పి, గుప్పెట్లో పోసుకొని, నీళ్లలో ముంచి తాపిస్తి. అది ఉప్పు పొట్లమనుకుంటి. ఉప్పూకారమని నాకేం తెలుసు?

పిల్లకు కండ్లెంబడి, ముక్కెంబడి కారె. నోరు తెరిచి ఊదుకుంటా, “భలే ఉండాది తాతా, ఇంగో గుక్క” అనె.

ఏందీ? మరుసటి రైలుకు బందరు పోవచ్చు గదా అంటారా?

పోతే ఏమడుగుతాది? యాడ ఈదినావు తాతా, చూపియ్యమంటాది. ఏం చూపించాల? నాకు ఈతే రాదు. కంభం దాటి తూర్పుకు అడుగు పెట్టినోణ్ణి గాదు. నంద్యాల్లో టిక్కెట్లు తీసుకున్యప్పట్నించి ఎట్ల తప్పించుకోవాల్నా అనే చూస్తాంటి. ఓబులేసు వాంతి చేసుకుంటే దేవుడు కరుణించినాడనుకుంటి.

ఇదంతా ఈ పొద్దున ఉమకు చెప్పేస్తి. అది నా గడ్డం పట్టుకొని ఏమనిందో తెలుసునా? “నన్ను బెంచీ దింపేదానికి అబద్ధం చెప్తాండావు గదా తాతా” అనె. పైగా, మళ్లా బెంచీ మీద నిలబడతానని పలక తీసుకొని పరిగెత్తె. అరవై ఏండ్లు అబద్ధాలు చెప్పినా, ఊరంతా నమ్మె. ఒక్క నిజం చెప్తే మనవరాలే నమ్మదాయ.

దాన్ని దింపండి. నోటికి తగిలిందే రాసిందప్పా ఆ పిల్ల. బెంచీ ఖాళీగా ఉండకూడదంటే నేనెక్కుతా.

మీరు గూడా అట్లనే చూస్తాండారే. ఇదన్నా నిజమేనా ఈ ముసలోడు చెప్పేది అని. కంభం స్టేషను ముందర ఎర్రగుర్రం జట్కా ఉంటాది, పోయి అడగండి. తిరుగుదారిలో పిల్లలు నిద్రపోయినాక, వాణ్ణి మెల్లగా అడిగితి, నిజం సముద్రం ఎట్లుంటాదిరా అని. ఈ లక్ష్మీనారాయణ దాన్ని చూడలేదని ఈ పొద్దటిదాకా ఈ భూమ్మీద వానికొక్కనికే తెలుసు.

వాని పేరు మత్తయి.